మాటలేని దాది

పసిబిడ్డను ఒక్క గడియ సేపు మరొకరి చేతిలో పెట్టి పోవలసి వచ్చినప్పుడు ఏ తల్లియు వెనుదిరిగి చూడక గుమ్మము దాటదు. ఆ వెనుచూపులోని భయమునే పెట్టుబడిగా పెట్టి ఆంగ్లేయులు తమ టెలివిజనులో ఒక హాస్యకథ నల్లిరి. 1994 ఏప్రిల్ 25వ తేదీన ఇంగ్లండులోని ఐటీవీ ప్రసారము చేసిన ఆ కథ పేరు ‘మైండ్ ది బేబీ, మిస్టర్ బీన్’. ‘బిడ్డ జాగ్రత్త సుమా, బీనుగారూ’ అని మనము చెప్పుకొనవచ్చును. కథ అరగంటకు మించదు. నవ్వించుట తప్ప దానికి వేరు ఉద్దేశ్యమును లేదు. అయినను తెలుగునేలకు వెలుపల తరతరములుగా నిలిచి, ఇంటిలో తెలుగును నిలుపుకొన యత్నించుచున్న మన కుటుంబములవారికి ఆ అరగంటలో ఆలోచింపదగిన విషయము కొంత కలదని మాకు తోచినది.

‘బేబీ సిట్టింగు’ అను మాట పుట్టి ఇంకను వంద సంవత్సరములు కాలేదు. అమెరికాలో 1930ల చివరిభాగమున వాడుకలోనికి వచ్చి, రెండవ ప్రపంచయుద్ధము ముగిసిన పిమ్మట ఇంగ్లండు చేరినది. ఆ మాటలో ఉన్నది కూర్చుండుట. తలిదండ్రులు నాటకమునకో విందునకో పోయినప్పుడు పొరుగింటి పడుచుపిల్ల కూలి పుచ్చుకొని, నిద్రించు బిడ్డ ఉన్న ఇంటిలో కూర్చుండును. మన భాషలో ఈ పని కూర్చుండి చేయునది కాదు. మనము బిడ్డను ఎత్తుకొందుము, ఆడింతుము, కనిపెట్టుకొని యుందుము, చూచుకొందుము. కూర్చుండి బిడ్డను సాకినవారిని మేమెరుగము. అత్తమామలు వేరింట నుండు సమాజములో పుట్టిన మాట అది. అవ్వ యుండిన ఇంటిలో ఆ మాటకు పని లేదు.

ఇంగ్లండు టెలివిజనులో హాస్యకథల వరుస 1946లో బీబీసీ ప్రసారము చేసిన ‘పిన్‌రైట్స్ ప్రోగ్రెస్’తో మొదలైనదని చెప్పుదురు. ఆనాటినుండి నేటివరకు ఆ కథలలో చేతగానివాని చేతికి బిడ్డ చిక్కుట అనునది పాతబడని వస్తువు. కుండలో పాలు పొంగుట, తొట్టిలో బిడ్డ ఏడ్చుట, వాకిట అతిథి నిలుచుట, ఈ మూడును ఒక్క నిమిషమున జరిగినచో నవ్వు దానంతట అదే వచ్చును. కాని మేము చెప్పబోవు కథలో ఒక విశేషము కలదు. ఇందు ఎవరును ఎవరికిని బిడ్డను అప్పగింపలేదు. పుచ్చుకొనినవాడు తాను పుచ్చుకొంటినని ఎరుగడు.

ముందు ఈ బీను ఎవరో చెప్పవలెను. బీను అనగా చిక్కుడుగింజ. ఆ పాత్రను ధరించిన రోవన్ అట్కిన్‌సన్ 1955లో ఉత్తర ఇంగ్లండులోని కాన్సెట్ పట్టణమున జన్మించెను. న్యూకాసిల్ విశ్వవిద్యాలయమునను, పిమ్మట ఆక్స్‌ఫర్డునను విద్యుచ్ఛక్తి సంబంధమైన ఇంజనీరింగు చదివెను. ఆక్స్‌ఫర్డులోనే రిచర్డ్ కర్టిస్ అను రచయితతో స్నేహము కలిగినది. చదువుకొన్న విద్య ఒకటి, బ్రతుకు నిచ్చిన విద్య ఒకటి. 1990 జనవరి 1న మొదటి కథ ప్రసారమయ్యెను. 1995 చివరివరకు ఐటీవీలో వచ్చినవి 14 కథలు మాత్రమే. 1992 జనవరి 1న వచ్చిన ఒక కథను ఇంగ్లండున 1 కోటి 87 లక్షలమంది చూచిరని లెక్క. రెండవ కథనుండి కథారంభమున, చర్చిలో వినబడునట్టి లాటిను బృందగానము సాగుచుండగా, చీకటి వీధిలో ఆకాశమునుండి ఒక వెలుగుధార దిగును. దానిలోనుండి బీను నేలపై పడును. తల్లి లేదు, తండ్రి లేడు, ఊరు లేదు, పైనుండి పడినవాడు. గోధుమవన్నె కోటు, ఎర్రని టై, లేతపసుపుపచ్చ మినీకారు, దాని తలుపునకు ఇంటితాళము, పడకలో తోడుగా ఒక ఎలుగుబంటి బొమ్మ, ఇవి అతని సంసారము. పెద్దవాని దేహములో నున్న పసివాడు బీను అని అట్కిన్‌సనే పలుమారులు చెప్పెను.

అన్నింటికంటె ముఖ్యమైనది, అతనికి ఇంచుమించు మాట లేదు. గొంతులో ఏదో గొణుగును. అప్పుడప్పుడు ఒక పదము జారిపడును. అంతే. ఇది ఏమరుపాటున జరిగినది కాదు. 1987లో కెనడాలోని మాంట్రియల్ నగరమున హాస్యోత్సవము జరిగినప్పుడు అట్కిన్‌సన్ ఆంగ్ల ప్రేక్షకుల సభను కాదని, ఫ్రెంచి మాటలాడువారి సభలోనే తన్ను నిలుపుడని పట్టుపట్టెను. తన పాత్ర భాష రానివారిని నవ్వింపగలదో లేదో పరీక్షించుకొనుటకే ఆ పట్టు. రెండు భాషలు ఒకే వీధిలో ఒరసికొను ఊరు మాంట్రియల్. బళ్లారిలోను, బరంపురములోను, హోసూరులోను, షోలాపురములోను నివసించు మనకు అట్టి ఊరి సంగతి విప్పి చెప్పవలసిన పని లేదు.

ఇక కథాస్థలము. ఇంగ్లండు దక్షిణతీరమున పోర్ట్‌స్మత్ అను నౌకాపట్టణము కలదు. దానిని అంటుకొనియున్న సముద్రతీరపు పేట సౌత్‌సీ. అచట క్లారెన్స్ పియరు అను విహారస్థలము 1861లో కట్టిరి. 1941లో జర్మనుల బాంబులకు అది కూలినది. మరల 1961లో తెరచిరి. దాని ప్రక్కనే రంగులరాట్నములు, గురి చూచి కొట్టు అంగళ్లు, కాసు వేసిన కదలు యంత్రపు గుర్రములు గల వినోదపుసంత ఉన్నది. ఏటికి ఒకమారు సముద్రగాలి పీల్చవచ్చు సామాన్యులకు అది తిరునాళ్ల వంటిది. మన తిరునాళ్లలో దేవుడుండును, అక్కడ సముద్రమొక్కటే.

బీను ఒకనాడు సరదాగా కాలము గడుపుటకు ఈ సౌత్‌సీ చేరెను. ఒక తల్లి నిలిపియుంచిన బిడ్డబండి అతని కారునకు తగులుకొనెను. కారు కదలెను, బండియు దాని వెంట కదలెను. కారు దిగి చూచిన పిమ్మటగాని తనకొక బిడ్డ ప్రాప్తించినదని అతనికి తెలియలేదు. తల్లి జాడ చిక్కలేదు. వచ్చిన వినోదము మానుకొనుటయు అతనికి ఇష్టము లేదు. కావున బండిని తోసికొనుచు సంతలో ప్రవేశించెను. ఇక్కడినుండి జరుగునదంతయు ఒకటే తీరు. బీనుకు కావలసినది ఆట. బిడ్డకు కావలసినది దాది. ఇద్దరును పసివారే కాబట్టి ఎవరికి కావలసినది వారికి దొరకదు.

బిడ్డ గుడ్డ తడిపినది. ఇక్కడ కథ ఒక్క క్షణము మెత్తబడుచున్నదని మా అభిప్రాయము. మార్చుటకు గుడ్డ లేదు. బీను ఒక ఎలుగుబంటి బొమ్మనే బిడ్డకు మొలగుడ్డగా కట్టెను. ప్రేక్షకులు పగలబడి నవ్వుదురు. కాని ఈ కథావరుసను మొదటినుండి చూచినవారికి బీనుకు ఎలుగుబంటి బొమ్మ అనగా ఏమియో తెలియును. బీను తన ఇంటిలోని బొమ్మను పండుకొనబెట్టును, దానికి పండుగనాడు కానుక ఇచ్చును. లోకమున అతనికి బంధువన్నది అదొక్కటే. దాదిగా అతడు పనికిరానివాడు, నిజమే. అయినను అట్టి బొమ్మనే బిడ్డకు ఇచ్చెను. తక్కిన ఆటలు, పరుగులు, పాట్లు మేము త్వరగా దాటిపోవుచున్నాము; అవి కన్నులతో చూడవలసినవేగాని వ్రాసి చెప్పునవి కావు.

చివరి ఘట్టము మాత్రము చెప్పితీరవలెను. బండికి కట్టిన గాలిబుడగల గుత్తి బండిని బిడ్డతో కూడ ఆకాశమునకు ఎత్తుకొనిపోయెను. బీను క్రిందనుండి బాణము సంధించి బుడగలను పగులగొట్టెను. బండి మెల్లగా దిగి బిడ్డను తల్లి కడకే చేర్చెను. బుడగలతో బిడ్డ ఎగురుట సాధ్యమా అని ఎవరైన అడుగవచ్చును. మేము లెక్క వేసి చూచితిమి. ఒక లీటరు హీలియము వాయువు ఇంచుమించు ఒక గ్రాము బరువు నెత్తును. సంతలో అమ్ము బుడగలో పట్టునది సుమారు 14 లీటర్లు. బిడ్డయు బండియు కలిసి 15 కిలోలనుకొన్నచో వేయికి మించిన బుడగలు కావలెను. తెరపై కనబడు గుత్తి అంత లేదు. హాస్యమునకు తూకపురాళ్లతో పని లేదు గనుక ఆ సంగతి విడిచిపెట్టుదము.

పోతనగారి భాగవతము ఇంటిలో వినుచు పెరిగిన వారికి ఈ కథ చూచునప్పుడు ఇది ఎక్కడనో ఎరిగినదే అని తోచక మానదు. దశమస్కంధమున యశోద ఒక వేడుకనాడు వచ్చిన చుట్టములకు మర్యాదలు చేయు సందడిలో బాలకృష్ణుని ఒక బండి క్రింద నిద్రపుచ్చును. బిడ్డ ఆకలిగొని కాలు చాచి తన్నును, శకటము బోర్లపడును. దగ్గర ఆడుకొనుచున్న పిల్లలు జరిగినది జరిగినట్లు చెప్పుదురు, పెద్దలు నమ్మరు. మరొకనాడు బిడ్డ మోయరాని బరువు కాగా తల్లి నేల దించును. తృణావర్తుడు సుడిగాలియై వచ్చి బిడ్డను నింగికి ఎత్తుకొనిపోవును. బిడ్డ వాని మెడ నొక్కి వానితో కూడ దిగివచ్చును. అంతకు ముందే పూతన వచ్చినది, పాలిచ్చు తల్లి రూపున వచ్చిన పరాయిది. బిడ్డ, బండి, ఆకాశము, పరుల చేయి, ఈ నాలుగును సౌత్‌సీలోను గోకులములోను ఒక్కటే. పోలికను ఇంతకు మించి లాగుట తగదు. అక్కడ రక్షించువాడు బిడ్డయే; ఇక్కడ బిడ్డ ఏమియు చేయడు, అదృష్టము చేయును. తల్లి కన్ను మరలిన క్షణమునందే కథ పుట్టుననుటకు మాత్రము రెండును సాక్ష్యములే.

బీనుకు ఆంగ్లదేశమున పూర్వికుడొకడు కలడు. లండనులో పుట్టిన చార్లీ చాప్లిన్ 1921లో ‘ది కిడ్’ అను మూగచిత్రము తీసెను. వీధిలో దొరికిన పసికందును ఒక దేశదిమ్మరి పెంచుట అందలి కథ. కాఫీకెటిలును త్రాటితో వ్రేలాడగట్టి దాని కొమ్మును బిడ్డ నోటికి అందించుట, దుప్పటి చింపి మొలగుడ్డలు కత్తిరించుట, కుర్చీ నడుమ రంధ్రము కోయుట, ఇవి చూచినవారు మరువరు. బీను బొమ్మను మొలగుడ్డ చేసినప్పుడు మాకు చాప్లిన్ దుప్పటియే గుర్తునకు వచ్చినది. కాని భేదము పెద్దది. చాప్లిన్ బిడ్డను ఉంచుకొనగోరెను, బీను వదలించుకొనగోరెను. ఏడేండ్ల వయస్సున అనాథాశ్రమపు అన్నము తినినవాడు చాప్లిన్. దారిద్ర్యమున బిడ్డను తల్లినుండి విడదీయుట ఎట్టిదో అతడు పుస్తకములలో చదివి నేర్చుకొనలేదు. అందుచేతనే అతని చిత్రమున నవ్వుతో పాటు కన్నీరు వచ్చును. బీను కథలో కన్నీటికి చోటు లేదు. తల్లి దుఃఖమును తెరపై చాలసేపు నిలిపినచో హాస్యము చెడునని ఎరిగినవారు గనుక రచయితలు ఆమెను ప్రక్కకు జరిపిరి. ఇది ఆ కథలోని నేర్పు. మాకు కొరతగా తోచునదియు అదియే.

ఆ కొరతను పూరించు వృత్తాంతము ఒకటి అదే సౌత్‌సీలో, 123 సంవత్సరములకు పూర్వమే, నిజముగా జరిగియున్నది. 1865 డిసెంబరు 30న బొంబాయిలో జన్మించిన రడ్యార్డ్ కిప్లింగ్ తండ్రి అక్కడి జె.జె. చిత్రకళాశాలలో ఉపాధ్యాయుడు. బాలుడు ఐదేండ్లు దాటువరకు ఆయా చేతిలోను, మీతా అను సేవకుని చేతిలోను పెరిగెను. వారు చెప్పిన కథలు, పాడిన జోలలు హిందుస్తానీలోనే. పిల్లలను తలిదండ్రుల కడకు భోజనశాలకు పంపునప్పుడు, అమ్మనాన్నలతో ఇంగ్లీషులో మాటలాడవలెనని సేవకులు హెచ్చరించి పంపెడివారట. పిల్లలు తాము తలచు భాషనుండి తడుముకొనుచు ఇంగ్లీషులోనికి మార్చి మాటలాడెడివారట. ఇది కిప్లింగే వృద్ధాప్యమున వ్రాసికొన్న స్వీయచరిత్రలో నున్నది; ఆయన మరణించిన మరుసటి సంవత్సరము, 1937లో, అది వెలువడినది.

1871లో తలిదండ్రులు కిప్లింగును, మూడేండ్ల చెల్లెలిని ఇంగ్లండు తీసికొనిపోయి, పత్రికలో ప్రకటన చూచి కుదుర్చుకొన్న ఒక కుటుంబమున నెలకింత అని అప్పగించిరి. ఆ ఇల్లు సౌత్‌సీలోని లార్న్ లాడ్జి. విశ్రాంతుడైన ఒక నావికుడు, అతని భార్య అందలి యజమానులు. పిల్లలతో చెప్పకుండనే తలిదండ్రులు ఓడ యెక్కి బొంబాయి తిరిగివచ్చిరి. ఇండియాలోని వేడికి, జ్వరములకు బిడ్డలు నిలువరను భయమున ఆనాటి తెల్లదొరలందరును చేయుచుండినదే వారును చేసిరి. నావికుడు దయగలవాడు, అతడు 1874లో చనిపోయెను. పిమ్మట ఆ గృహిణి చేతిలో బాలుడు పడిన బాధలు అన్ని యిన్ని కావు. దెబ్బలు, దైవభీతి పేరిట శిక్షలు, అబద్ధీకుడని పలక కట్టి వీధిలో పంపుట. చూపు మందగించుచున్నను పట్టించుకొనినవారు లేరు. 1877లో తల్లి వచ్చినది. రాత్రి ఆమె బిడ్డను ముద్దాడుటకు పడక కడకు వంగగా, దెబ్బ పడునని చేయి అడ్డము పెట్టినాడట ఆ బాలుడు. కిప్లింగు సామ్రాజ్యాభిమానము మనకు రుచించునది కాదు. అది వేరు సంగతి. పదకొండేండ్ల బాలుడు అడ్డము పెట్టిన ఆ చేయి ఏ రాజకీయమునకును చెందినది కాదు.

ఆరేండ్ల కాలమున ఆ బాలుడు పోగొట్టుకొన్నది తలిదండ్రుల నొక్కరినే కాదు. తాను కలలు కన్న భాషను గూడ. 1882లో పదునారేండ్ల ప్రాయమున మరల బొంబాయి రేవున దిగినప్పుడు ఆ భాషలోని వాక్యములు అర్థము తెలియకయే తన నోట వచ్చినవని ఆయన వ్రాసెను. అర్థము తెలియక నోట వచ్చిన వాక్యము! ఇది చదివినప్పుడు మేము పుస్తకము మూసి కొంతసేపు ఊరకుంటిమి. మన ఊళ్లలో మూడవతరము పిల్లలు పెండ్లిపందిటిలో అమ్మమ్మ నేర్పిన మంగళహారతి తప్పులేకుండ పాడి, అర్థమడిగినచో తెల్లబోవుట మనమందరము చూచుచున్నదే.

ఆయా అను మాటను గూర్చియు ఒకటి చెప్పవలెను. అది మనది కాదు, ఆంగ్లేయులది కాదు; పోర్చుగీసువారి ‘ఐయ’ నుండి వచ్చినది. తెల్లదొరల ఇండ్లనుండి బడులకు, ఆసుపత్రులకు పాకి నేడు తెలుగు, కన్నడ, తమిళము, ఒడియా, మరాఠీ అన్నింటిలోను నిలిచినది. ఆంగ్ల కుటుంబములతో ఓడలో పిల్లలను సాకుచు లండను వరకు పోయిన ఆయాలు వందలకొలది. కొందరిని రేవున దిగిన మరునాడే తిరుగుఖర్చు లేకుండ పనిలోనుండి తొలగించిరి. అట్టివారి కొరకు లండనులో ఒక ఆశ్రయగృహము వెలసినది. 1900 నుండి అది హాక్నీ పేటలో నడచినది. 2022లో ఆ ఇంటి గోడకు స్మారకఫలకము నమర్చిరి. ఇతరుల బిడ్డలకు తమ భాషలో జోలపాడిన ఆ స్త్రీల సొంత బిడ్డలు ఎవరి ఒడిలో పెరిగిరో ఏ ఫలకముపైనను లేదు.

ఇంతదూరము వచ్చిన పిమ్మట బీను కథను మరల చూచినచో ఒక సంగతి స్పష్టమగును. బిడ్డకు బొమ్మ నిచ్చెను, బుడగ నిచ్చెను, ఆట చూపెను. ఒక్క జోలపాట, ఒక్క ముద్దుపేరు ఇవ్వలేదు. ఇచ్చుటకు అతని కడ మాటయే లేదు. ఆ బిడ్డ ఒక పూటలో తల్లిని చేరినది కాబట్టి నష్టము లేదు. ఆరేండ్లైనచో లార్న్ లాడ్జి అగును.

బిడ్డను ఎవరు చూచుకొందురో వారి భాషయే బిడ్డ మొదట వినును. ఇది తెలిసిన మాటయే. కాని మనవంటి కుటుంబములకు ఇది ఇంటిగుట్టు కాదు, బ్రతుకుసమస్య. 1936లో ఒడిస్సా ఏర్పడినప్పుడు గంజాము తెలుగువారికిని, 1953లో బళ్లారి మైసూరులో చేరినప్పుడు అక్కడి తెలుగువారికిని, 1954లో ఫ్రెంచివారు విడిచిన యానామునకును ఎదురైన ప్రశ్నలన్నియు బడిని గూర్చినవే. 1956లో రాజ్యాంగమున చేర్చిన 350-ఎ అధికరణము అల్పసంఖ్యాక భాషల పిల్లలకు ప్రాథమిక దశలో మాతృభాషలో బోధన కల్పింప యత్నింపవలెనని చెప్పుచున్నది. తమిళనాట 2006లో తమిళమును తప్పనిసరి పాఠ్యము చేసిన చట్టము వచ్చినప్పుడు హోసూరు తెలుగువారు కలత చెందుటయు బడిని గూర్చియే. మన సంఘములు వినతిపత్రములు వ్రాసినదంతయు ఐదేండ్లు నిండిన బిడ్డ కొరకే. అంతకు ముందటి ఐదేండ్లలో బిడ్డ వినవలసిన భాషను గూర్చి ఏ అధికరణమును లేదు. 1975 నుండి నడచుచున్న అంగన్‌వాడీలలో బిడ్డను పలుకరించు ఆయా ఆ రాష్ట్రభాషలో పలుకరించును. అది ఆమె తప్పు కాదు, ఆమె ప్రేమయు తక్కువది కాదు. ఇంటిలో తల్లియు తండ్రియు ఉద్యోగమునకు పోయినచో మిగిలినది అవ్వ. అవ్వ వేరొక ఊర నున్నచో మిగిలినది తెర.

తెర అనగానే నిందింపవలెనని మా ఉద్దేశ్యము కాదు. మాటలేని కథలకు మన దేశమునను ఒక చరిత్ర కలదు. మాంట్రియల్‌లో బీను పరీక్షకు నిలిచిన ఆ 1987లోనే మన సింగీతము శ్రీనివాసరావుగారు బెంగుళూరు నగరమున ఒక్క సంభాషణయు లేని చిత్రమును తీసి విడుదల చేసిరి. కన్నడదేశమున అది ‘పుష్పక విమాన’, తెలుగుదేశమున ‘పుష్పకవిమానము’, తమిళదేశమున ‘పేసుమ్ పడమ్’, హిందీలో ‘పుష్పక్’. పేసుమ్ పడమ్ అనగా మాటలాడు చిత్రము! చిత్రమునకు భాష అక్కరలేకపోయినను పేరునకు భాష కావలసివచ్చినది. గోడపత్రిక ఏదో ఒక లిపిలో అచ్చు వేయక తప్పదు.

అంతకు పూర్వము, మూగచిత్రముల కాలమున, తెర ప్రక్కన ఒక మనిషి నిలిచి, తెరపై పడు ఇంగ్లీషు అక్షరములను ఊరివారి భాషలో చెప్పుచు, నడుమ తన చమత్కారమును కలుపుచు ఆట నడిపించెడివాడు. టాకీలు వచ్చిన పిమ్మట ఆ మనిషి అక్కరలేకపోయెను. మాటలాడు బొమ్మలచిత్రములు నేడు ఇంటింట పిల్లలకు హిందీయు ఇంగ్లీషును పోయుచున్నవి. అవి సాగుచున్నంతసేపు అవ్వ నోరు మూసికొనవలసినదే, నడుమ పలికినచో పిల్లవాడు విసుగుకొనును. బీను కథ అట్టిది కాదు. తెరపై మాట లేనందున గదిలో మాటకు చోటు మిగులును. చూచుచున్న మనుమరాలు ఊరకుండదు; ‘వాడు ఏమి చేయుచున్నాడు?’ అని అడుగును. కన్నడములో అడిగినను, ఒడియాలో అడిగినను, అవ్వ బదులు చెప్పునది తెలుగులోనే. ‘అయ్యో, బండి తగులుకొన్నది చూడు’, ‘బుడగలు పగిలినచో బిడ్డ పడదటే?’, ‘వాళ్లమ్మ ఎక్కడ వెదకుచున్నదో పాపము!’ అని చెప్పుచు, రచయితలు ప్రక్కకు జరిపిన ఆ తల్లిని అవ్వ తిరిగి కథలోనికి తెచ్చును. తెర ప్రక్క నిలిచిన ఆనాటి మనిషి చేసిన పనియే ఇది.

అవ్వకు ఒక్కచోట మాత్రము చిక్కు వచ్చును. ఆ నాలుగు చక్రముల బిడ్డబండిని ఏమని పిలువవలెను? మన ఇండ్లలో అట్టి వస్తువు లేదు. తొట్టి అన్నచో ఊగవలెను, ఉయ్యాల అన్నచో వ్రేలాడవలెను. ఈ వ్యాసములో బిడ్డబండి అని మేము వ్రాసితిమి. షోలాపురపు అవ్వ తోపుడుతొట్టి అనునేమో, యానాము అవ్వ చక్రాల ఉయ్యాల అనునేమో. వ్రాసి పంపినవారి మాటలను రాబోవు సంచికలో అచ్చు వేయుటకు సంపాదకులు సమ్మతించిరి.